మెట్ల దగ్గర బయటపడే నిజం – గుండె కుడివైపు చరిత్ర

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా వ్యాసం పంపమని కార్యదర్శిగారు అడిగినప్పుడు, పింఛను నిబంధనల మీదో, పాత రోజుల ట్రెజరీ ముచ్చట్ల మీదో రాస్తానని మీరందరూ అనుకుని ఉంటారు. ఈసారి మాత్రం నాకు సంబంధించని శాఖలోకి తలదూర్చి ఒక విషయం రాయదలచాను. నేను డాక్టరును కాను. ముప్పయి నాలుగేళ్ళు ఉప ఖజానా కార్యాలయాల్లో బిల్లులు తనిఖీ చేసి, సీనియర్ అసిస్టెంటుగా పదవీ విరమణ చేసినవాణ్ణి. ఫైలు చేతికొస్తే మొదటి కాగితం నుంచి చదివితేగాని నోటు రాయకూడదని మా పెద్ద గుమాస్తాగారు నేర్పారు. మా ఇంట్లోకి ఒక జబ్బు వచ్చినప్పుడు దాని ఫైలునూ అలాగే మొదటి కాగితం నుంచి చదివాను. అందులో తెలిసిన సంగతులను తోటి సభ్యులకు మనవి చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఆ జబ్బు పేరు పల్మనరీ హైపర్‌టెన్షన్. తెలుగులో ఊపిరితిత్తుల రక్తపోటు అనుకోవచ్చు. మనం చేతికి పట్టీ చుట్టించుకుని చూపించుకునే బి.పి. వేరు, ఇది వేరు. చేతి బి.పి. అంటే గుండె ఎడమవైపు నుంచి ఒళ్ళంతటికీ వెళ్ళే రక్తపు ఒత్తిడి. ఇది గుండె కుడివైపు నుంచి ఊపిరితిత్తులకు వెళ్ళే రక్తపు ఒత్తిడి. మొదటిది చక్కగా 120, 80 ఉన్న మనిషికి రెండోది ప్రమాదకరంగా పెరిగి ఉండవచ్చు.

మా ఇంటావిడ విషయంలో జరిగింది అదే. అప్పట్లో మేము రెండో అంతస్తులో ఉండేవాళ్ళం. కూరల సంచితో మెట్లెక్కుతూ మొదటి అంతస్తు దగ్గర గోడ పట్టుకుని, "ఏమండీ, ఒక్క నిమిషం ఆగండి" అనేది. "వయసు మీద పడుతోంది, ఒళ్ళు కదల్చకపోతే ఇంతే" అనేవాణ్ణి నేను. కుర్చీలో కూర్చుంటే ఆమెకు ఏ బాధా ఉండేది కాదు. డాక్టర్ల దగ్గరికి వెళితే మంచం మీద పడుకోబెట్టి ఇ.సి.జి. తీశారు. బి.పి. చూశారు, బాగానే ఉందన్నారు. ఒకరు రక్తం తక్కువని టానిక్ ఇచ్చారు. మరొకరు ఉబ్బసమని పీల్చే మందు ఇచ్చారు. ఇలా మూడేళ్ళు గడిచాయి. ఒకరోజు మెట్ల మధ్యలోనే స్పృహ తప్పి పడిపోయింది. అప్పుడు చూసిన ఒక యువ వైద్యుడు మొట్టమొదట అడిగిన ప్రశ్న, "ఎన్ని మెట్లెక్కితే ఆగాల్సి వస్తోందమ్మా?" అని. అంతవరకూ ఎవ్వరూ అడగని ప్రశ్న అది. కట్టుకున్నవాణ్ణి, నేనూ అడగలేదు.

గుండె కుడివైపు చరిత్ర చదువుతూ పోతే నాకు ఆశ్చర్యం కలిగింది. మా ఇంట్లో మూడేళ్ళు జరిగిన పొరపాటే వైద్యశాస్త్రంలో ఎన్నో ఏళ్ళు జరిగింది. కుడి గుండెను పట్టించుకోలేదు. పట్టించుకున్నప్పుడు కూడా విశ్రాంతిలో ఉన్నప్పుడే చూశారు.

గుర్తింపు రావడానికి పట్టిన కాలం

క్రీస్తు శకం రెండో శతాబ్దంలో గాలెన్ అనే గ్రీకు వైద్యుడు ఉండేవాడు. గుండె కుడి గదిలోని రక్తం, మధ్య గోడలో కంటికి కనపడని రంధ్రాల గుండా ఎడమ గదిలోకి చెమర్చుకుంటుందని ఆయన రాశాడు. వెయ్యేళ్ళకు పైగా ఆ మాటే వేదవాక్కుగా చెల్లింది. 13వ శతాబ్దంలో ఇబ్న్ అల్ నఫీస్ అనే అరబ్బు వైద్యుడు కైరోలో ఉండేవాడు. ఆ గోడ దళసరిగా ఉంది, అందులో రంధ్రాలు లేవు, కాబట్టి రక్తం కుడి గదిలోంచి ఊపిరితిత్తులకు వెళ్ళి, అక్కడ గాలితో కలిసి, ఎడమ గదికి చేరాలి అని 1242లో రాసిన తన వ్యాఖ్యానంలో తేల్చి చెప్పాడు. యూరపులో ఇదే మాటను సర్వేటస్ 1553లోను, ఇటలీకి చెందిన కొలంబో 1559లోను రాశారు. 1628లో ఇంగ్లండులో విలియం హార్వే రక్తం ఒంట్లో చక్రంలా తిరుగుతోందని నిరూపించాడు. 1661లో మాల్పీగీ సూక్ష్మదర్శినితో కప్ప ఊపిరితిత్తిని చూసి, ధమనులకూ సిరలకూ మధ్య వెంట్రుకకన్నా సన్నని రక్తనాళాలు ఉన్నాయని కనిపెట్టాడు.

దీంతో కుడి గుండె ఉద్యోగం ఖరారైంది. ఒంట్లోంచి తిరిగివచ్చిన రక్తం మొత్తాన్ని అది ఊపిరితిత్తులకు పంపుతుంది. ఎడమ గుండె ఎంత రక్తం తోస్తుందో కుడి గుండే అంత రక్తమే తోయాలి. కూర్చున్న మనిషికి నిమిషానికి సుమారు 5 లీటర్లు. పని ఒకటే అయినా ఒత్తిడిలో చాలా తేడా ఉంది. ఎడమ గది పాదరసం లెక్కలో 120 మిల్లీమీటర్ల ఒత్తిడితో తోస్తే, కుడి గదికి 20, 25 చాలు. అందుకే ఎడమ గది గోడ సుమారు ఒక సెంటీమీటరు మందం ఉంటే, కుడి గది గోడ మూడు నాలుగు మిల్లీమీటర్లకు మించదు. జీతం తక్కువ, హోదా తక్కువ. ఫైలు మాత్రం దాని బల్ల మీదుగానే పోవాలి.

మార్చి 31 నాటి పరీక్ష

ఆరోగ్యవంతుడు మెట్లెక్కినా, పరుగెత్తినా గుండె తోసే రక్తం నిమిషానికి 15, 20 లీటర్ల దాకా పెరుగుతుంది. అంత పల్చటి గోడ ఉన్న కుడి గది ఈ బరువు ఎలా మోస్తుంది? కిటుకంతా ఊపిరితిత్తుల్లోనే ఉంది. విశ్రాంతిలో మూసుకుని ఉన్న సన్న నాళాలు శ్రమ చేసేటప్పుడు తెరుచుకుంటాయి, తెరిచి ఉన్నవి మరికొంత వెడల్పవుతాయి. దారి వెడల్పు కావడంతో రక్తం మూడు నాలుగింతలైనా ఒత్తిడి కొద్దిగానే పెరుగుతుంది.

ట్రెజరీలో పనిచేసినవారికి మార్చి 31 అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. జూన్ నెలలో ఇద్దరు గుమాస్తాలున్నా కార్యాలయం నడుస్తుంది, ఏ లోపమూ కనపడదు. మార్చి ఆఖరున బిల్లులు గుట్టలుగా వచ్చిపడ్డప్పుడు అదనపు కౌంటర్లు తెరవాలి. తెరవడానికి మనుషులు లేకపోతే అప్పుడు తెలుస్తుంది అసలు సంగతి.

ఊపిరితిత్తుల రక్తపోటులో జరిగేది అదే. అక్కడి నాళాల గోడలు మందమై ఇరుకవుతాయి. కొందరిలో పాత రక్తపు గడ్డలు అడ్డుపడతాయి. అదనపు కౌంటర్లు తెరవడానికి లేవు. మొదట్లో కుడి గది దీన్ని ఓర్చుకుంటుంది. తన గోడను మందం చేసుకుని, మునుపటికన్నా గట్టిగా బిగిసి తోస్తుంది. కూర్చున్న మనిషికి కావలసిన 5 లీటర్లు పంపేస్తుంది. అందుకే కూర్చుంటే ఏమీ తెలియదు.

మెట్లెక్కడం మొదలుపెట్టగానే ఒత్తిడి నిట్టనిలువుగా పెరుగుతుంది. విశ్రాంతిలోనే తన శక్తినంతా వాడుకుంటున్న కుడి గదికి ఇంకా గట్టిగా తోసే నిల్వ శక్తి మిగలదు. ఒక్కొక్క దెబ్బకు పంపే రక్తం పెరగదు కాబట్టి దెబ్బల సంఖ్య పెంచుకోవడం ఒక్కటే దానికి మిగిలిన దారి, అంటే గుండెదడ. అదీ చాలకపోతే కుడి గది ఉబ్బుతుంది. మధ్య గోడ ఎడమవైపుకు జరిగి ఎడమ గదిని నొక్కుతుంది. ఊపిరితిత్తుల్లోంచి రావలసిన రక్తం సరిగా రాక, ఉన్న చోటు కూడా ఇరుకై, ఎడమ గది ఒంటికి తగినంత రక్తం పంపలేదు. కాళ్ళు బరువెక్కుతాయి, ఊపిరి అందదు, కళ్ళు తిరుగుతాయి. మెదడుకు చాలకపోతే మనిషి పడిపోతాడు. మా ఇంటావిడ మెట్ల మీద పడిపోయింది ఇందుకే. జబ్బు ముదిరితే విశ్రాంతిలో కూడా కుడి గది చేతులెత్తేసి, కాళ్ళవాపు, పొట్టలో నీరు మొదలవుతాయి.

గొట్టంతో గుండెలోకి

1891లో జర్మనీలో రోంబెర్గ్ అనే వైద్యుడు ఒక రోగి మరణించాక పరీక్షించి, ఊపిరితిత్తుల ధమనులు గట్టిపడి ఉండటాన్ని గమనించి రాశాడు. బతికున్న మనిషిలో ఆ ఒత్తిడిని కొలిచే సాధనం అప్పటికి లేదు.

ఆ దారి తెరిచింది వెర్నర్ ఫోర్స్‌మాన్ అనే పాతికేళ్ళ జర్మన్ వైద్యుడు. 1929లో ఎబర్స్‌వాల్డే అనే ఊరి ఆస్పత్రిలో, పై అధికారి వద్దన్నా వినకుండా, తన ఎడమ చేతి సిరలోంచి సన్నని గొట్టాన్ని 65 సెంటీమీటర్ల దాకా తోసుకున్నాడు. ఆ గొట్టంతోనే ఎక్స్‌రే గదికి నడిచి వెళ్ళి, దాని కొస కుడి గుండెలో ఉన్నట్టు ఫోటో తీయించుకున్నాడు. అప్పట్లో మెచ్చుకున్నవాళ్ళకన్నా చీవాట్లు పెట్టినవాళ్ళే ఎక్కువ. ఆయన ఆ దారి వదిలేసి మూత్రవ్యాధుల వైద్యంలో స్థిరపడ్డాడు. అమెరికాలో కూర్నాండ్, రిచర్డ్స్ అనే ఇద్దరు న్యూయార్కు బెల్‌వ్యూ ఆస్పత్రిలో 1940ల్లో ఆ గొట్టాన్ని రోజువారీ పరీక్షగా మార్చారు. 1956లో ముగ్గురికీ కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు. పాత ఫైలు ఒక్కొక్కసారి ఇలా పైకి వస్తుంది!

ఈలోగా 1943లో ఒక చిత్రం జరిగింది. ఫిలడెల్ఫియాలో ఐజాక్ స్టార్, ఆయన సహచరులు మత్తులో ఉన్న కుక్కల గుండె కుడి గది గోడను కాల్చి దెబ్బతీసి చూశారు. సిరల్లో ఒత్తిడి పెద్దగా పెరగలేదు. దాంతో కుడి గది ఉన్నా లేకున్నా ఒకటేనని, అది ఉత్త గొట్టంలాంటిదని చాలామంది అనుకున్నారు. పుట్టుకతో కుడి గది సరిగా ఏర్పడని పిల్లలకు ఆ గదితో నిమిత్తం లేకుండా రక్తాన్ని ఊపిరితిత్తులకు మళ్ళించే శస్త్రచికిత్సను ఫ్రాన్సుకు చెందిన ఫోంటాన్ 1971లో ప్రకటించాక ఆ నమ్మకం ఇంకా బలపడింది. ఆ కుక్కలు మత్తులో కదలకుండా ఉన్నాయి, వాటి ఊపిరితిత్తులు ఆరోగ్యంగా ఉన్నాయి. జూన్ నెలలో తనిఖీకి వచ్చి, ఈ కార్యాలయంలో ఒక పోస్టు అనవసరమని రిపోర్టు రాసినట్టయింది. మార్చి ఆఖరున రమ్మంటే తెలిసేది.

కదిలించి చూసినవారు

1948లో హికామ్, కార్గిల్ అనే అమెరికన్ వైద్యులు రోగుల ఊపిరితిత్తుల ధమనిలో గొట్టం ఉంచి, వాళ్ళచేత శ్రమ చేయిస్తూ ఒత్తిడి కొలిచారు. ఆరోగ్యవంతుల్లో అది పెద్దగా పెరగలేదు. గుండెజబ్బు, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారిలో బాగా పెరిగింది. పడుకున్నప్పుడు దాగి ఉన్న తేడా కాళ్ళాడించగానే బయటపడింది.

1951లో బ్రూక్లిన్‌లో డ్రెస్‌డేల్ అనే వైద్యుడు, వేరే ఏ కారణమూ కనపడకుండా వచ్చే ఈ రక్తపోటును ప్రత్యేక వ్యాధిగా వర్ణించాడు. అదే దశకంలో లండనులో పాల్ వుడ్ అనే హృద్రోగ నిపుణుడు, ఒత్తిడిని ప్రవాహంతో భాగించి ఊపిరితిత్తుల నాళాల నిరోధాన్ని లెక్కకట్టే పద్ధతిని వాడుకలోకి తెచ్చాడు. నేటికీ డాక్టర్ల రిపోర్టుల్లో దాన్ని వుడ్ యూనిట్లలోనే రాస్తారు. మా ఇంటావిడ రిపోర్టులో ఆ మాట చూసి ఆరా తీస్తే తెలిసింది, ఆయన 1907లో మన దేశంలోనే, నీలగిరుల్లోని కూనూర్‌లో పుట్టాడని.

1960ల ద్వితీయార్ధంలో స్విట్జర్లాండ్, ఆస్ట్రియా, పశ్చిమ జర్మనీల్లో అమినోరెక్స్ అనే ఆకలి తగ్గించే మాత్ర అమ్మారు. సన్నబడదామని వాడినవారిలో ఎందరికో ఊపిరితిత్తుల రక్తపోటు వచ్చింది. 1968లో ఆ మాత్రను ఉపసంహరించారు. ఆ ఉదంతం కారణంగానే 1973లో ప్రపంచ ఆరోగ్య సంస్థ జెనీవాలో మొదటి నిపుణుల సమావేశం జరిపింది. సగటు ఒత్తిడి విశ్రాంతిలో 25 దాటితే జబ్బు అన్నది అక్కడి నుంచి వచ్చిన లెక్కే.

మన దేశం నుంచి వచ్చిన అధ్యయనం ఒకటి ఈ చరిత్రలో గౌరవంగా చెప్పుకోదగింది. గాలిలో ఆక్సిజన్ తగ్గితే ఊపిరితిత్తుల ధమనులు బిగుసుకుపోతాయని 1946లో స్వీడన్‌కు చెందిన ఆయిలర్, లిల్యెస్ట్రాండ్ పిల్లుల మీద నిరూపించారు. 5,800 నుంచి 6,700 మీటర్ల ఎత్తున వారాల తరబడి కాపలా కాసిన మన సైనికుల్లో 21 మందికి ఒళ్ళు వాచి, కుడి గుండె దెబ్బతింది. ఆనంద్, మల్హోత్రా మొదలైన మన వైద్యులు వారిని పరీక్షించి 1990లో లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. విశ్రాంతిలో వారి సగటు ఒత్తిడి 26. కొద్దిపాటి శ్రమ చేయించగానే 40. కిందికి తీసుకొచ్చాక కొన్ని వారాల్లో కోలుకున్నారు. బరువు దించితే కుడి గుండె తేరుకోగలదని దీనివల్ల తెలుస్తోంది. ఆ సైనికులను మంచం మీద మాత్రమే చూసి ఉంటే, 26 అన్న అంకె చూసి పెద్దగా ఏమీ లేదని అనుకునేవారేమో.

విశ్రాంతి నుంచి నడకకు

1980ల్లో అమెరికాలో ఈ రోగుల వివరాలు ఒక జాతీయ రిజిస్టరులో నమోదు చేశారు. 187 మంది వివరాలు 1987లో వెలువడ్డాయి. మొదటి లక్షణం కనపడిన నాటినుంచి జబ్బు పేరు తేలేసరికి సగటున రెండేళ్ళు పట్టిందని అందులో ఉంది. అది చదివినప్పుడు మా మూడేళ్ళు గుర్తొచ్చి చాలాసేపు పేజీ తిప్పలేకపోయాను.

మందులూ వచ్చాయి. ఎడతెరిపి లేకుండా సిరలోకి ఎక్కించే ఎపోప్రోస్టినాల్‌కు అమెరికాలో 1995లో అనుమతి వచ్చింది. తరవాత నోటి మాత్రలు వచ్చాయి. 2005లో సిల్డెనాఫిల్‌నూ ఈ జబ్బుకు అనుమతించారు. పాత గడ్డల వల్ల వచ్చిన జబ్బయితే, తగినవారికి శస్త్రచికిత్సతో ఆ గడ్డలను తీసివేసే వీలుంది.

వ్యాయామం సంగతి వేరే. ఈ రోగులు కదలకూడదు, విశ్రాంతే మందు అన్నది చాలాకాలం సాగిన సలహా. 2006లో జర్మనీలోని హైడెల్‌బర్గ్ వైద్యులు 30 మంది రోగులతో ఒక పరీక్ష చేశారు. సగం మందికి మందులతోపాటు 15 వారాలు జాగ్రత్తగా కొలిచిన వ్యాయామం ఇచ్చారు, మొదటి మూడు వారాలు ఆస్పత్రిలోనే ఉంచి. ఆరు నిమిషాల్లో నడిచే దూరంలో రెండు జట్లకూ నూరు మీటర్లు దాటిన తేడా వచ్చింది. కుడి గుండెను పరుగెత్తించకూడదు, అలాగని మూలనా కూర్చోబెట్టకూడదు.

కొలతలు కూడా మారాయి. శ్రమలో 30 దాటితే జబ్బు అన్న పాత లెక్కను 2008 ప్రపంచ సదస్సు తర్వాత వదిలేశారు. ఎందుకంటే మన వయసువారిలో ఆరోగ్యవంతులకు కూడా శ్రమలో అంత పెరగవచ్చు. 2018 సదస్సులో విశ్రాంతి హద్దును 25 నుంచి 20కి దించారు. 2022 యూరపు మార్గదర్శకాలు శ్రమ లెక్కను కొత్త రూపంలో తిరిగి తెచ్చాయి. గుండె అదనంగా పంపే ఒక్కొక్క లీటరుకు సగటు ఒత్తిడి 3 మిల్లీమీటర్లకన్నా ఎక్కువ పెరుగుతుంటే అనుమానించాలి అన్నాయి. ఎంత పెరిగింది అని మాత్రమే కాదు, ఎంత పనికి ఎంత పెరిగింది అని చూడటం. లెక్కల మనిషిగా నాకు ఇది సబబుగా తోచింది.

సభ్యులకు మనవి

మేము కింది అంతస్తుకు మారాం. మందులు వాడుతూ, ఆస్పత్రిలో నేర్పినట్టు వరండాలో కొలిచిన నడక నడిచేది మా ఇంటావిడ. ఆయాసం వచ్చేలోపే ఆగాలి, నడుస్తూ మాట్లాడగలగాలి అన్నది ఆమెకు పెట్టిన నియమం. ఆ మాట్లాడే పని నాతో చేసేది. అలా అయిదేళ్ళు గడిచాయి. ఆమె పోయి ఇప్పటికి రెండేళ్ళు. ఆ మూడేళ్ళు ముందే తెలిసి ఉంటే ఇంకెన్నాళ్ళు ఉండేదో ఎవరూ చెప్పలేరు. అడగనందుకు నాకు బాధ మాత్రం ఉంది.

ఆయాసమంతా ఈ జబ్బు కాదు. రక్తహీనత, ఉబ్బసం, ఎడమ గుండె జబ్బులు మన వయసులో ఎక్కువ. ఎడమ గుండె జబ్బు, కవాటాల జబ్బు, దీర్ఘకాలపు ఊపిరితిత్తుల జబ్బు కూడా ఊపిరితిత్తుల రక్తపోటుకు దారితీస్తాయి. ఏదైనా సరే, "వయసు" అని మనకు మనమే తీర్పు రాసుకోవద్దని నా మనవి. క్రిందటి సంక్రాంతికి ఆగకుండా ఎక్కిన మెట్లు ఈ సంక్రాంతికి ఎక్కగలుగుతున్నారా? ఇంట్లో ఆవిడ ఎక్కగలుగుతోందా? ఒక చిన్న పుస్తకంలో తేదీ వేసి రాసుకోండి. తేడా ఉంటే ఆ పుస్తకం డాక్టరుగారి ముందు పెట్టి, కూర్చున్నప్పటి సంగతి కాదు, మెట్లెక్కినప్పటి సంగతి చెప్పండి. ఎకో పరీక్ష అవసరమేమో అడగండి. కళ్ళు తిరగడం, స్పృహ తప్పడం ఉంటే ఒక్కరోజు కూడా ఆలస్యం చేయవద్దు. ఈ వ్యాసం చదివి ఎవరూ సొంతంగా మందులు గాని, వ్యాయామం గాని మొదలుపెట్టవద్దు.

మనం ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇస్తున్నాం. కుర్చీలో కూర్చుని సంతకం పెడితే సర్కారుకు చాలు. ఇంట్లోవాళ్ళ విషయంలో అది చాలదు. ఈసారి మీ ఇంట్లో ఎవరైనా మెట్ల మధ్యలో "ఒక్క నిమిషం ఆగండి" అంటే, దయచేసి ఆగండి. ఎందుకు ఆగాల్సి వచ్చిందో అడగండి.

సెలవు.